చిన్న స్ప్లిట్ కీబోర్డు ఎంచుకోవడం ఎలా: ఎన్ని కీలు, ఏ కొలత, ఏ స్విచ్

కార్న్ కొనమంటారా, సోఫ్లేనా? 36 కీలు సరిపోతాయా? దాని మీద తెలుగు కొట్టడం కుదురుతుందా? ఈ మూడు ప్రశ్నలూ నాకు మళ్లీ మళ్లీ వస్తున్నాయి. (కార్న్, సోఫ్లే రెండూ స్ప్లిట్ కీబోర్డు మోడళ్లు.) ఒక్కొక్కరికీ విడిగా జవాబు రాసే బదులు, ఎంచుకునే పద్ధతంతా ఇక్కడ వరసగా పెడుతున్నాను. మొదటి నాలుగు మెట్లకు కాగితం, స్కేలు తప్ప ఖర్చేమీ లేదు. ఆ నాలుగూ పూర్తయ్యేదాకా ఏదీ ఆర్డర్ చేయకండి.

స్ప్లిట్ అంటే చెరో చేతికి చెరో ముక్క. కాంపాక్ట్ అని ఇక్కడ నేను అంటున్నది 34 నుంచి 60 కీల దాకా ఉన్నవాటిని. ఎర్గోడాక్స్ (76 కీలు), మూన్‌లాండర్ (72), గ్లోవ్80 (80) మంచివే కానీ ఈ కొలతలోకి రావు, వాటిని వదిలేస్తున్నాను.

కావలసినవి

- ఏ4 కాగితాలు, అసలు కొలతలో ప్రింటు తీయగల ప్రింటరు (జిరాక్స్ షాపు చాలు)
- మిల్లీమీటర్లు ఉన్న స్కేలు, పెన్సిలు
- రెండు అట్టముక్కలు, కొంచెం టేపు
- ఒక చిన్న నోటుపుస్తకం
- మీరు తెలుగు టైపు చేసే పద్ధతి ఏదైతే దాని లేఅవుట్ చార్టు ప్రింటు
- రెండు మూడు వారాల ఓపిక

1. ఇబ్బంది ఎక్కడుందో ముందు తేల్చుకోండి

కీబోర్డు మారిస్తే అన్ని నొప్పులూ పోతాయనుకుని కొనేవాళ్లే ఎక్కువగా నిరాశపడతారు. రోజు పని అయ్యాక ఎక్కడ లాగుతోందో రాసుకోండి.

మణికట్టు దగ్గర చెయ్యి చిటికెన వేలి వైపు వంగి నొప్పి వస్తుంటే, రెండు ముక్కలనూ భుజాల వెడల్పుకి జరపడమే పెద్ద ఉపశమనం. దీనికి ఏ స్ప్లిట్ అయినా పనికొస్తుంది. మోచేతి కింద కండరాలు మెలిపెట్టినట్టుంటే, బొటనవేళ్ల వైపు ఎత్తుగా నిలబెట్టే వీలు కావాలి. దీన్ని టెంటింగ్ అంటారు. బ్యాక్‌స్పేస్, ఎంటర్, షిఫ్ట్ నొక్కీ నొక్కీ చిటికెన వేలు నొస్తుంటే, బొటనవేళ్లకు ఎక్కువ కీలున్న బోర్డు చూడాలి. ఈ మూడు అవసరాలూ వేరు. ఒకదానికి మందు ఇంకోదానికి పనిచేయదు.

మెడ, నడుము నొప్పులకు ముందు మానిటర్ ఎత్తు, కుర్చీ ఎత్తు సరిచేయండి. బల్ల ఎత్తుగా ఉండి భుజాలు పైకి లేస్తుంటే ఎంత ఖరీదైన కీబోర్డు పెట్టినా లాభం లేదు.

హెచ్చరిక: రాత్రిళ్లు చెయ్యి తిమ్మిరెక్కి మెలకువ రావడం, బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారడం, చేతిలో వస్తువులు జారిపోవడం ఉంటే ముందు డాక్టర్ని కలవండి. కీబోర్డు సంగతి ఆ తర్వాత.

2. మీరు నిజంగా నొక్కే కీలు రాయండి

నోటుపుస్తకం కీబోర్డు పక్కన పెట్టుకుని, మూడు నాలుగు రోజులు పని చేస్తూ అక్షరాలు కాని కీలన్నిటికీ గీతలు పెట్టండి. అంకెలు, బ్రాకెట్లు, ఎఫ్ కీలు, బాణం కీలు, హోమ్, ఎండ్, డిలీట్, ప్రింట్ స్క్రీన్. జీఎస్టీ లెక్కలు వేసేవారి పట్టిక, జావా రాసేవారి పట్టిక, వార్తలు రాసేవారి పట్టిక ఒక్కలా ఉండవు.

ఇదే సమయంలో రెండు కీల మీద కన్నేసి ఉంచండి. బి కీని ఏ చేత్తో కొడుతున్నారు? వై కీని? స్ప్లిట్ కీబోర్డులో బి ఎడమ ముక్కలో ఉంటుంది, వై కుడి ముక్కలో. బిని కుడి చేత్తో కొట్టే అలవాటు చాలామందికి ఉంది. ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకు ప్రభుత్వం ప్రామాణికంగా పెట్టిన కీల అమరిక) ఆ కీ మీదే 'వ' ఉంటుంది కాబట్టి తెలుగు రాసేవారికి ఆ తడబాటు ప్రతి వాక్యంలోనూ తగులుతుంది. మానుకోవడం కష్టమనిపిస్తే, కుడి ముక్క లోపలి అంచున అదనపు కీ ఉన్న బోర్డు తీసుకుని అక్కడ రెండో బి పెట్టుకోవచ్చు. లిలీ58 అనే మోడల్‌లో అలాంటి కీ ఉంది.

3. కీల సంఖ్య నిర్ణయించుకోండి

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఫొటోల్లో 34, 36 కీల బోర్డులు ఎంతో ముద్దుగా ఉంటాయి. వాటిని మొదటి కీబోర్డుగా కొని నెల తిరక్కుండా అమ్మేసేవాళ్లు కొల్లలు.

కీలు తగ్గితే మిగతావి లేయర్లలోకి వెళ్తాయి. ఫోన్‌లో అంకెల బటన్ నొక్కితే అక్షరాల చోట అంకెలు వచ్చినట్టే, ఇక్కడ బొటనవేలితో ఒక కీ పట్టుకుంటే మిగతా కీల అర్థం మారుతుంది. సిద్ధాంతం ఇంతే.

34–36 కీలు: ఫెరిస్ స్వీప్ (34), ఐదు నిలువు వరసల కార్న్ (36). వేళ్లు తమ చోటు నుంచి ఒక్క కీ దూరం మించి కదలవు. కానీ అంకెలు, గుర్తులు, ట్యాబ్, ఎస్కేప్ అన్నీ లేయర్లలోనే. లేయర్లు ఇప్పటికే వేళ్లకు పట్టినవారికి తప్ప నేను చెప్పను.

42 కీలు: కార్న్. జపాన్‌కు చెందిన ఫూస్టాన్ అనే డిజైనర్ చేసి, డిజైన్ ఫైళ్లు అందరికీ ఇచ్చేయడంతో ప్రపంచమంతా తయారుచేస్తున్నారు. ఒక్కో ముక్కలో మూడు అడ్డ వరసలు, ఆరు నిలువు వరసలు, బొటనవేలికి మూడు కీలు. అంకెల వరస లేదు. కోడ్ రాసేవారికి, ఇంగ్లీషు ఎక్కువగా రాసేవారికి, నేర్చుకోవడానికి సిద్ధపడ్డవారికి బాగుంటుంది.

50 చుట్టుపక్కల: నెదర్లాండ్స్‌లోని స్ప్లిట్‌కేబీ వారి కైరియాలో 50 కీల దాకా ఉంటాయి, బొటనవేళ్లకు చాలా కీలు. జెడ్ఎస్ఏ వారి వాయేజర్‌లో 52, అంకెల వరస ఉంది, కానీ బొటనవేలికి రెండేసి కీలే. చిటికెన వేలి బరువు తగ్గించుకోవాలనుకునేవారు ఈ తేడాను గమనించాలి.

58 కీలు: లిలీ58, సోఫ్లే. అంకెల వరస ఉంటుంది. సోఫ్లేలో చెరో ముక్కకు ఒక తిప్పే నాబ్ కూడా ఉంటుంది, సౌండ్‌కి, స్క్రోల్‌కి పనికొస్తుంది.

మొదటిసారి కొనేవారు ఎటూ తేల్చుకోలేకపోతే 58 తీసుకోండి. కారణం చాలా సాదా: 58లో అంకెల వరసను, మరో నాలుగు అదనపు కీలను సాఫ్ట్‌వేర్‌లో ఆపేసి రెండు వారాలు 42గా వాడి చూడొచ్చు. 42కి మాత్రం కొత్త కీలు అతికించలేరు.

కొనకముందే లేయర్లు రుచి చూడాలంటే, ఇప్పుడున్న లాప్‌టాప్ కీబోర్డు మీదే కీల పని మార్చే సాఫ్ట్‌వేర్ కనాటా (విండోస్, లినక్స్) లేదా కరాబినర్ (మ్యాక్) పెట్టి, స్పేస్ బార్ పట్టుకున్నప్పుడు కుడి చేతి కింద బాణం కీలు వచ్చేలా చేసుకోండి. వారం తర్వాత కూడా విసుగ్గానే ఉంటే తక్కువ కీల బోర్డు మీకు కాదు. ఆఫీసు లాప్‌టాప్‌లో ఇవి ఇన్‌స్టాల్ చేయనివ్వకపోవచ్చు, ఇంటి మెషీన్ మీద చూడండి.

తెలుగు టైపు చేసేవారికి

దీన్ని విడిగా రాయాల్సి వస్తోంది, ఎందుకంటే కీబోర్డు గైడ్లన్నీ ఇంగ్లీషు 26 అక్షరాలను లెక్కలో పెట్టుకుని రాసినవే.

ముందు ఒక ఊరట. తెలుగు కోసం ప్రత్యేకమైన కీబోర్డు అక్కర్లేదు. కీబోర్డు పంపేది ఏ కీ నొక్కారన్న సంకేతం మాత్రమే, దాన్ని తెలుగు అక్షరం చేసేది విండోస్, మ్యాక్, లినక్స్. కాబట్టి తెలుగు కీలను ఏ బోర్డు మీదైనా ఎక్కడికైనా జరుపుకోవచ్చు. అసలు సమస్య చోటు.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే ఫొనెటిక్ పద్ధతి మీదైతే 36 కీలైనా ఇబ్బంది లేదు. ణ, ళ, ట, డల కోసం పెద్దక్షరాలు కొట్టే పద్ధతిలో షిఫ్ట్ పదేపదే పడుతుంది. దాన్ని బొటనవేలికి మార్చుకుంటే హాయిగా ఉంటుంది.

ఇన్‌స్క్రిప్ట్ వాడేవారు జాగ్రత్తగా చూడాలి. అందులో గుణింతాలు ఎడమ చేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడి చేతికి వస్తాయి. పి కీ తర్వాతి చదరపు బ్రాకెట్ మీద 'డ', సెమీకోలన్ తర్వాతి కీ మీద 'ట', అంకెల వరసలో అన్నిటికన్నా ఎడమన ఉండే కీ మీద ఒ-గుణింతం. ఐదు నిలువు వరసల బోర్డులో కుడి చెయ్యి పి, సెమీకోలన్, స్లాష్‌తో ఆగిపోతుంది. అంటే 'డ', 'ట' రెండూ పోయినట్టే. వాడు, ఎక్కడ, అప్పుడు, ఇల్లు కట్టాడు, మాట, పాట: ప్రతిసారీ లేయర్ పట్టుకుని తెలుగు రాయడం కుదిరే పని కాదు.

42 కీల కార్న్‌లో 'ట' చోటు మారదు. పి పక్కన మామూలుగా బ్యాక్‌స్పేస్ ఉంటుంది. దాన్ని బొటనవేలికి దింపి అక్కడ 'డ' పెట్టాలి. ఎడమ అంచున ట్యాబ్‌ను లేయర్‌లోకి పంపి ఒ-గుణింతం పెట్టాలి. కుదురుతుంది, అయితే రెండు పాత అలవాట్లు ఒకేసారి మారతాయి. లిలీ58లో పి పక్కన హైఫన్ ఉంటుంది. అక్కడ చదరపు బ్రాకెట్ పెట్టుకుంటే 'డ' మీ వేలికి తెలిసిన చోటే దొరుకుతుంది, బ్యాక్‌స్పేస్ జోలికి పోనక్కర్లేదు. ఇన్‌స్క్రిప్ట్‌లో రోజూ రాసేవారికి నా సలహా సందేహం లేకుండా 58 కీలు, ఆరు నిలువు వరసలు.

అనూ ఫాంట్లలో యాపిల్ లేఅవుట్ మీద అలవాటైన డీటీపీ వారు మీ చార్టు ప్రింటు ముందు పెట్టుకుని, తెలుగు అక్షరం ఉన్న ప్రతి కీని చుట్టండి. చుట్టిన కీ ఏ బోర్డు మొదటి లేయర్‌లో లేకపోతే ఆ బోర్డును జాబితాలోంచి తీసేయండి.

ఇంకో హెచ్చరిక, దీన్ని ఎవరూ చెప్పరు. ఏ, ఎస్, డి, ఎఫ్ వరస కీలను పట్టుకుంటే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌లుగా మారే ఏర్పాటు ఒకటి చిన్న కీబోర్డుల వాళ్లలో బాగా వాడుకలో ఉంది. హోమ్ రో మాడ్స్ అంటారు. ఇన్‌స్క్రిప్ట్‌లో డి మీద పొల్లు ఉంది, ఎఫ్ మీద ఇ-గుణింతం, జె మీద 'ర', కె మీద 'క'. 'క్క' రాయాలంటే కె, డి, కె చకచకా పడాలి. వేళ్లు ఒకదాని మీద ఒకటి పడే ఆ వేగంలో పొల్లు కాస్తా షార్ట్‌కట్ అయిపోయి, తెర మీద విండో మూసుకుపోవడమో, రాసింది చెరిగిపోవడమో జరుగుతుంది. తెలుగులో ఒత్తులు లేని వాక్యం అరుదు కనుక, తెలుగు రాసేటప్పుడు వాడే లేయర్‌లో ఈ ఏర్పాటు పెట్టుకోకండి. ఇంగ్లీషుకు కావాలంటే రెండు మూల లేయర్లు చేసుకుని, ఒక కీతో మారండి. విండోస్‌లో భాష మార్చే విండోస్-స్పేస్ జతను కూడా ఒకే కీకి ఇచ్చేసుకోవచ్చు.

4. కాగితం మీద చెయ్యి పెట్టి చూడండి

కీల సంఖ్య తేలాక రెండు మూడు మోడళ్లు మిగులుతాయి. స్ప్లిట్‌కేబీ కంపేర్ అనే వెబ్ టూల్‌లో వాటిని ఎంచుకుని ప్రింటు తీయండి.

ప్రింటు తీసేటప్పుడు "పేజీకి సరిపెట్టు" అన్న ఆప్షన్ ఉంటే తీసేసి, 100 శాతం పెట్టమనండి. జిరాక్స్ షాపులో ఇది తప్పకుండా చెప్పాలి. తర్వాత స్కేలుతో సరిచూసుకోండి: మామూలు ఎంఎక్స్ (ఎక్కువగా కనిపించే స్విచ్ రకం) కొలతలో ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకు 19.05 మిల్లీమీటర్లు. ఐదు కీలు వరసగా ఉంటే మొదటి దాని మధ్య నుంచి ఐదో దాని మధ్యకు 76.2. రెండు మిల్లీమీటర్లు తేడా వచ్చినా ఆ కాగితం పారేసి మళ్లీ తీయించండి.

కాగితాలను అట్టముక్కలకు అంటించి, భుజాల వెడల్పులో పెట్టి, మోచేతులు ఒంటికి దగ్గరగా వదులుగా ఉంచి, చేతులు దించండి. చూడాల్సినవి ఇవి:

నాలుగు వేళ్లూ మధ్య వరసలో తమ కీల మీద సహజంగా పడ్డాయా? నిలువు వరసలు మెట్లుమెట్లుగా జరిగి ఉండేది వేళ్ల పొడవుల తేడా కోసమే. చిటికెన వేలు చాచాల్సి వస్తుంటే, ఆ వరస ఇంకా కిందికి దిగిన మోడల్ చూడండి. ఈ దిగుడు కార్న్‌లో తక్కువ, కైరియాలో, ఫెరిస్ స్వీప్‌లో ఎక్కువ.

బొటనవేలు ఎక్కడ పడింది? బిగించకుండా వదిలేసి, అది తాకిన చోట పెన్సిలుతో చుక్క పెట్టండి. ఆ చుక్క మీరు ఎక్కువగా వాడబోయే కీ మీద, అంటే స్పేస్ మీద పడాలి. దాని అటూ ఇటూ కీలకు వేలు పక్కకు కదిలితే చాలు. అరచేతి కిందికి ముడుచుకోవాల్సి వస్తే ఆ కీ లేనట్టే లెక్క. చిన్న చేతులవారికి మూడు బొటనవేలి కీల్లో ఒకటి తరచూ ఇలా పోతుంది.

పై వరస నుంచి కింది వరసకు వేళ్లు ఆడించండి, అరచెయ్యి లేవకూడదు. అంకెల వరసకు లేచినా పరవాలేదు.

అక్కడితో ఆపకండి. రెండు అట్టల లోపలి అంచుల కింద పుస్తకాలు పెట్టి కొంచెం ఎత్తండి, మళ్లీ చేతులు పెట్టండి. ఎత్తితేనే సుఖంగా ఉందంటే టెంటింగ్ కాళ్లు ఉన్న కేసు, లేదా అవి బిగించే వీలున్న కేసు మీ షరతుల్లో చేరుతుంది. ఆ కాగితం కీబోర్డును ఒక సాయంత్రమంతా బల్ల మీదే ఉంచి, మీకు వచ్చిన పాటో పద్యమో దాని మీద కొట్టినట్టు వేళ్లు ఆడించండి. ఇబ్బంది ఎక్కడుందో అరగంటలో బయటపడుతుంది.

5. స్విచ్‌లు: ఎత్తు, బరువు, చప్పుడు

స్విచ్ అంటే కీ కింద ఉండి నొక్కును పట్టే భాగం, క్యాప్ అంటే దాని మీద వేలికి తగిలే మూత. స్విచ్‌లలో రెండు కుటుంబాలున్నాయి. ఎంఎక్స్ రకం ఎత్తుగా ఉంటుంది, కీ 4 మిల్లీమీటర్లు దిగుతుంది, క్యాప్‌లు ఎక్కడైనా దొరుకుతాయి. కైల్ కంపెనీ చాక్ వి1 పొట్టిది, 3 మిల్లీమీటర్లు దిగుతుంది. అరచెయ్యి బల్ల మీదే ఆనించి కొట్టాలనుకునేవారికి చాక్ నయం, ఎంఎక్స్ అయితే మణికట్టు పైకి వంగకుండా కింద మెత్త పెట్టుకోవాల్సి రావచ్చు. బ్యాగులో వేసుకుని తిరిగేవారికీ చాకే.

ఈ రెండు కుటుంబాల మధ్య క్యాప్‌లు మారవు. ఎంఎక్స్ కాడ ప్లస్ గుర్తులా ఉంటుంది, చాక్ వి1కి రెండు సన్నని చీలికలు. చాక్ వి2 అనేది ఇంకోటి, వి1 క్యాప్‌లు దానికీ ఎక్కవు. ఇంకా, కొన్ని చాక్ బోర్డుల్లో కీల మధ్య దూరం 18 × 17 మిల్లీమీటర్లే. వాటి మీద ఎంఎక్స్ కొలత క్యాప్‌లు పెడితే ఒకదానికొకటి రాసుకుంటాయి. అమ్మేవారిని కీల మధ్య దూరం ఎంతో తప్పకుండా అడగండి.

బరువు, అంటే కీ నొక్కడానికి పట్టే బలం సంగతికొస్తే, చెర్రీ ఎంఎక్స్ రెడ్ 45 గ్రాములు, చాక్ రెడ్ 50, చాక్ ప్రో రెడ్ 35, చాక్ బ్రౌన్ 60. వేళ్ల నొప్పితో కొనేవారు తేలికవాటి వైపు వెళ్లండి. మరీ తేలికైతే వేళ్లు ఆనించగానే అక్షరాలు పడిపోతాయని గుర్తుంచుకోండి. ఆఫీసుకు చాక్ వైట్, ఎంఎక్స్ బ్లూ లాంటి క్లిక్ స్విచ్‌లు వద్దు, పక్కవారు ఒక్కరోజు కూడా భరించలేరు.

హాట్‌స్వాప్ ఉన్న బోర్డే తీసుకోండి. స్విచ్ నచ్చకపోతే టంకం తీసే పని లేకుండా మార్చుకోవచ్చు.

క్యాప్‌లు కొనేటప్పుడు అన్ని వరసలకూ ఒకే ఎత్తుండే డీఎస్ఏ, ఎక్స్‌డీఏ లాంటి ఆకారం చూడండి. కీలను ఎటు జరిపినా క్యాప్ అతుకుతుంది. మామూలు సెట్లలో వచ్చే పొడుగు స్పేస్ బార్, పొడుగు షిఫ్ట్ మీకు పనికిరావు కాబట్టి, ఒక కీ వెడల్పువి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి కొనండి.

6. వైరా, బ్లూటూతా

మొదటిదానికి వైరు తీసుకోండి. చార్జింగు, బ్యాటరీ, జతకుదరడం అన్న మూడు చికాకులు తప్పుతాయి.

వైరు బోర్డుల్లో క్యూఎంకే ఫర్మ్‌వేర్ (కీబోర్డు లోపల నడిచే సాఫ్ట్‌వేర్), బ్లూటూత్ బోర్డుల్లో జెడ్ఎంకే సాధారణం. అమ్మేవారు "వయల్ పనిచేస్తుంది" అంటే కీలు మార్చడం చాలా తేలిక, తెర మీద మౌస్‌తోనే అయిపోతుంది. లోపలి కంట్రోలర్ (కీబోర్డును నడిపే చిప్ ఉన్న చిన్న బోర్డు) ఏదో అడగండి. ప్రో మైక్రో అనే పాత కంట్రోలర్‌లోని ఏటీమెగా32యూ4 చిప్‌లో ఫర్మ్‌వేర్‌కి దక్కేది 28 కేబీ మాత్రమే. వయల్, డిస్‌ప్లే, లైట్లు అన్నీ కావాలంటే ఇరుకైపోతుంది. ఆర్‌పీ2040 చిప్ ఉన్నది తీసుకుంటే ఆ బాధ ఉండదు. యూఎస్‌బీ-సీ పోర్టు ఉండాలి. ప్రో మైక్రోల మైక్రో యూఎస్‌బీ పోర్టు కాస్త గట్టిగా లాగితే ఊడొస్తుంది.

ఐటీ ఉద్యోగులకు పనికొచ్చే మాట: మీరు చేసిన మార్పులు కీబోర్డులోనే నిలుస్తాయి. ఇంట్లో అమర్చుకుని ఆఫీసుకు తీసుకెళ్తే అక్కడ ఏ సాఫ్ట్‌వేరూ వేయనక్కర్లేదు. బయటి యూఎస్‌బీ పరికరాలను మీ కంపెనీ ఒప్పుకుంటుందో లేదో మాత్రం ముందు కనుక్కోండి.

బ్లూటూతే కావాలంటే, కంప్యూటరుతో మాట్లాడే ముక్క బ్యాటరీ రెండోదాని కన్నా త్వరగా అయిపోతుందని తెలుసుకోండి. బ్యాటరీ విడిగా కొని అతికించాల్సి వస్తే ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే కంట్రోలర్ కాలిపోతుంది.

7. కొనేముందు అమ్మేవారిని అడగాల్సినవి

"కిట్" అన్న మాటలో ఏం వస్తుందో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. కొందరు ఖాళీ పీసీబీ (సర్క్యూట్ పలక) ఇస్తారు, కొందరు టంకం వేసి ఇస్తారు. "బేర్‌బోన్" అంటే స్విచ్‌లు, క్యాప్‌లు ఉండవు. పైన కనిపించే ధర చూసి మురిసిపోయి, తర్వాత కంట్రోలర్లు రెండు, స్విచ్‌లు, క్యాప్‌లు, కేసు, కేబుల్, టెంటింగ్ కాళ్లు కలుపుకుంటే రెట్టింపవుతుంది. విదేశం నుంచి తెప్పిస్తే కొరియర్, కస్టమ్స్ సుంకం అదనం. ఒక కాగితం మీద ఇవన్నీ రాసి కూడిక వేశాకే పోల్చండి.

అడగండి: టంకం పూర్తయి వస్తుందా? హాట్‌స్వాపా? కీల మధ్య దూరం ఎంత? కంట్రోలర్ ఏది? వయల్ ఉందా? ఒక ముక్క పాడైతే ఆ ఒక్కటే దొరుకుతుందా? చివరి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పని చోట కొనకండి.

టంకం మీరే వేస్తానంటే సంతోషం, కానీ ఇది మీ జీవితంలో మొదటి టంకం కాకూడదు. హైదరాబాదు వారికి కోఠి గుజరాతీ గల్లీలో ఐరన్, లెడ్, ప్రాక్టీసుకు చిన్న కిట్లు దొరుకుతాయి. ముందు వాటి మీద చెయ్యి తిప్పుకోండి. చిన్న లైట్లు, డయోడ్లు అతికించి ఉన్న పీసీబీ తీసుకుంటే సగం పని తగ్గుతుంది.

8. వచ్చిన రోజు

హెచ్చరిక: చాలా బోర్డుల్లో రెండు ముక్కలను కలిపేది ఇయర్‌ఫోన్ పిన్నులా ఉండే టీఆర్ఆర్ఎస్ కేబుల్. యూఎస్‌బీ పెట్టి ఉండగా దీన్ని పెట్టకూడదు, తీయకూడదు. పిన్ను లోపలికి జారేటప్పుడు తీగలు క్షణకాలం అడ్డదిడ్డంగా తగిలి షార్ట్ అయ్యి, కంట్రోలర్ పోవచ్చు. ముందు రెండు ముక్కలనూ కలపండి, తర్వాతే యూఎస్‌బీ. తీసేటప్పుడు ముందు యూఎస్‌బీ. ఇంట్లో పిల్లలుంటే వారికీ చెప్పండి.

కేబుల్ పిన్ను మీద మూడు నల్ల గీతలుండాలి. రెండే ఉంటే అది మామూలు ఆడియో కేబుల్, దాన్ని వాడకండి.

స్విచ్‌లు పెట్టేటప్పుడు కాళ్లు నిటారుగా ఉన్నాయో లేదో చూసి, కింద సాకెట్‌ను వేలితో ఆన్చి, తిన్నగా నొక్కండి. ఆన్చకపోతే సాకెట్ పీసీబీ నుంచి ఊడి రావచ్చు.

తర్వాత కీ టెస్టర్ వెబ్ పేజీ తెరిచి ప్రతి కీ నొక్కండి. ఒక కీ పడకపోతే స్విచ్ తీసి చూడండి, పదింట తొమ్మిదిసార్లు కాలు వంగి ఉంటుంది. వరస మొత్తం పడకపోతే టంకం లోపం. ఒక ముక్క మొత్తం పలకకపోతే కేబుల్ మార్చి చూడండి. తిరిగి పంపే గడువు దాటకముందే ఇదంతా అయిపోవాలి.

9. మొదటి వారాలు, ఫలితం సరిచూసుకోవడం

కొత్తది పెట్టకముందే పాత కీబోర్డు మీద ఇంగ్లీషులో ఒకసారి, తెలుగులో ఒకసారి టైపింగ్ వేగం కొలిచి రాసుకోండి. తర్వాత వారానికోసారి మాత్రమే కొలవండి. రోజూ కొలిస్తే దిగులు తప్ప ఏమీ రాదు. మొదట్లో వేగం బాగా పడిపోతుంది, అందరికీ అంతే.

గడువు పని ఉన్న వారంలో మొదలుపెట్టకండి. రోజుకు అరగంట, గంట కొత్తదాని మీద, మిగతా పని పాతదాని మీద. అలా పెంచుకుంటూ పోండి.

ఒకేసారి రెండు మార్చకండి. కొత్త కీబోర్డుతో పాటే కోల్‌మాక్ లాంటి కొత్త అక్షరక్రమం కూడా నేర్చుకోవాలని దూకినవాళ్లు చాలావరకు రెండూ వదిలేస్తారు. క్వెర్టీ, ఇన్‌స్క్రిప్ట్ ఏది అలవాటైతే అదే ఉంచి, ముందు చేతులను నిలువు వరసలకు అలవాటు చేయండి.

తప్పు అక్షరాలు పడుతుంటే రాసుకోండి. సి, ఎక్స్ తప్పుతున్నాయంటే వేళ్లు ఇంకా పాత ఏటవాలు దారిలోనే వెళ్తున్నాయి, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. లేయర్ కీ పట్టుకున్నా అక్షరమే పడుతుంటే, నొక్కడానికీ పట్టుకోవడానికీ మధ్య గడువు సరిచేయాలి. క్యూఎంకేలో అది మామూలుగా 200 మిల్లీసెకన్లు. తక్కువసేపు పట్టుకునేవారు 170 దాకా తగ్గించి చూడండి, ఆలస్యంగా వదిలేవారు 230కి పెంచండి. ఒకసారి మార్చాక రెండు రోజులు ఆగి చూడండి.

బొటనవేలు మొదట్లో కొంచెం బరువనిపించవచ్చు. వారం దాటినా ఆ వేలి మొదలు దగ్గర నొప్పి ఉంటే ఆ వేలికి పని ఎక్కువైంది. స్పేస్, బ్యాక్‌స్పేస్, ఎంటర్, షిఫ్ట్, లేయరు అన్నీ ఒకే బొటనవేలికి ఇవ్వకుండా రెండు చేతులకూ పంచండి. గట్టి స్విచ్ ఉంటే ఆ ఒక్క కీకి తేలికది వేయండి.

నెలన్నర తర్వాత మొదటి మెట్టులో రాసుకున్న కాగితం తీయండి. అప్పుడు లాగిన చోట ఇప్పుడూ లాగుతోందా? తగ్గితే వేగం కాస్త వెనకబడి ఉన్నా కొనసాగండి. నొప్పి అలాగే ఉంటే, ముక్కల మధ్య దూరం, టెంటు ఎత్తు, కుర్చీ ఎత్తు, ఈ వరసలో ఒక్కొక్కటే మార్చి వారం చొప్పున చూడండి. అప్పటికీ కుదరకపోతే అమ్మేయండి. పెట్టె, విడి స్క్రూలు, బిల్లు, పాత స్విచ్‌లు అన్నీ దాచి ఉంచితే మంచి ధర పలుకుతుంది, కొనేవారు మొదట అడిగేది కూడా బిల్లునే.